ఏజెంటుకి టూల్ అర్థమైందో లేదో తేల్చడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కోడింగ్ ఏజెంట్లకి (భాషా మోడల్ సాయంతో సొంతంగా కోడ్ రాసి, సవరించే ప్రోగ్రాములకి) టూల్స్ (ఏజెంట్ పిలవగలిగే ఫంక్షన్లు) రాస్తున్న పాఠకుల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. దాదాపు అందరి సందేహమూ టూల్ డిస్క్రిప్షన్ల గురించే, అంటే టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో మోడల్‌కి చెప్పే మాటల గురించే. వాటిలోంచి ఏడు ప్రశ్నలు తీసుకున్నాం. డిస్క్రిప్షన్లు మామూలుగా ఇంగ్లిషులోనే రాస్తారు. చదవడానికి వీలుగా ఉదాహరణల్ని ఇక్కడ తెలుగులో ఇచ్చాం.

ప్రశ్న: మా కోడింగ్ ఏజెంట్ కోసం 14 టూల్స్ రాశాం. డిస్క్రిప్షన్లన్నీ రివ్యూలో చదివి బాగున్నాయనే అన్నారు. అయినా ఏజెంట్ ఒకదానికి బదులు ఇంకోటి పిలుస్తోంది. డిస్క్రిప్షన్ ఎంత బాగా పనిచేస్తోందో కొలిచే పద్ధతి ఉందా?
— బ్యాకెండ్ డెవలపర్, హైదరాబాద్

రివ్యూలో చదివినవాళ్లకి ఆ టూల్ ఏం చేస్తుందో ముందే తెలుసు. మోడల్‌కి కనపడేవి మూడే: టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఆర్గ్యుమెంట్లు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నమూనా). ఫంక్షన్ లోపలి కోడ్ గానీ మీ వికీ పేజీ గానీ దానికి తెలియవు. కాబట్టి మనుషులు చదివి మెచ్చుకున్నంత మాత్రాన డిస్క్రిప్షన్ పాసైనట్టు కాదు. ఏజెంట్ ఏం చేసిందో చూసే తేల్చాలి.

ముందు పరీక్ష పనులు కావాలి. మొదలుపెట్టడానికి 40 నుంచి 50 చాలు. వీటిని కూర్చుని ఊహించి రాయకండి. మీ గిట్ చరిత్రలోంచి, మూసేసిన టికెట్లలోంచి తీయండి. ఒక్కో పనికి నాలుగు విషయాలు రాసిపెట్టాలి: యూజర్ అడిగే మాట, రిపో (కోడ్ దాచే చోటు) ఏ కమిట్ (సేవ్ చేసిన స్థితి) దగ్గర ఉండాలి, పని పూర్తయిందని తేల్చే టెస్టులు, ఏ టూల్స్ పిలవొచ్చు, ఏవి పిలవకూడదు. ప్రతి పనినీ కొత్త కంటెయినర్‌లో (మిగతావాటితో సంబంధం లేని విడి వాతావరణంలో) నడపండి. ముందు పని వదిలిన ఫైళ్లు తర్వాతి పనికి కనిపిస్తే ఫలితాలు నమ్మడానికి లేదు.

ఈ పనుల్లో మూడు రకాలుండాలి. ఫలానా టూల్ వాడాల్సినవి ఒక రకం. ఆ టూల్ పనికొచ్చేలా కనిపించినా వాడకూడనివి రెండో రకం. ఉదాహరణకి, ‘మైగ్రేషన్ ఎందుకు ఫెయిలైందో చెప్పు’ అని అడిగితే లాగ్ చదవాలి తప్ప మైగ్రేషన్‌ని (డేటాబేస్ మార్పుని) మళ్లీ నడపకూడదు. అసలు ఏ టూలూ అక్కర్లేనివి మూడో రకం. చాలా టీములు మొదటి రకం మాత్రమే రాస్తాయి. అప్పుడు ‘ఎప్పుడూ ఈ టూలే వాడు’ అని రాసిన డిస్క్రిప్షన్‌కి నూటికి నూరు మార్కులొస్తాయి. అసలు వాడకంలో అదే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండో రకం పనులు కనీసం మూడోవంతు ఉండాలని మా సలహా.

ఇక కొలతలు. టూల్ ఎంపిక, ఆర్గ్యుమెంట్లు, చివరి ఫలితం: ఈ మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టండి. చివరి ఫలితం ఒక్కటే చూస్తే డిస్క్రిప్షన్‌లోని లోపం దాక్కుంటుంది. ఏజెంట్ మొదట తప్పు టూల్ పిలిచి, ఎర్రర్ చూసుకుని, నాలుగో ప్రయత్నంలో దారిలోకి వస్తుంది. టెస్టులు పాసవుతాయి, మీకు పచ్చటిక్కు కనిపిస్తుంది. ఆ మూడు వృథా కాల్స్‌కి మాత్రం టోకెన్ల (మోడల్ చదివే, రాసే మాటల ముక్కల) బిల్లు వస్తూనే ఉంటుంది.

ఎంపిక కోసం ఒక పట్టీ వేయండి. అడ్డవరసల్లో పిలవాల్సిన టూల్, నిలువు వరసల్లో నిజంగా పిలిచిన టూల్. తప్పులు పట్టీ అంతా చెల్లాచెదురుగా ఉంటే సమస్య డిస్క్రిప్షన్లలో కాక సిస్టమ్ ప్రాంప్ట్‌లోనో (ఏజెంట్‌కి ముందే ఇచ్చే సాధారణ సూచనల్లోనో) మోడల్‌లోనో ఉండొచ్చు. ఒకటి రెండు గళ్లలోనే గుమిగూడితే ఆ జత టూల్స్ డిస్క్రిప్షన్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయన్నమాట. ఆర్గ్యుమెంట్ల దగ్గర స్కీమాకి సరిపోవడం వేరు, విలువ సరైనది కావడం వేరు. ఫైల్ పాత్ అన్నచోట ఏ స్ట్రింగ్ ఇచ్చినా స్కీమా ఒప్పుకుంటుంది. ఆ ఫైల్ అసలుందో లేదో మీరే చూడాలి.

కాల్స్ ఫలానా వరసలోనే రావాలని మాత్రం పట్టుబట్టకండి. ఒక ఏజెంట్ వెతికి ఆ తర్వాత ఫైల్ తెరుస్తుంది, ఇంకోటి నేరుగా తెరుస్తుంది. రెండూ సరైన దారులే. ‘వీటిలో ఏదైనా పర్వాలేదు, ఇవి మాత్రం వద్దు’ అన్నట్టుగా జవాబు రాసుకోండి.

మొత్తం పని నడపడానికి నిమిషాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అందుకని పాత సంభాషణని ఒక చోట ఆపేసి, ‘ఇప్పుడు తర్వాతి కాల్ ఏది?’ అన్నది మాత్రమే మోడల్ నుంచి రాబట్టే చిన్న పరీక్ష కూడా ఒకటి పెట్టుకోండి. డిస్క్రిప్షన్‌లో ఒక్క మాట మార్చినా ఈ చిన్న పరీక్ష నడపండి. పూర్తి పరీక్ష రిలీజుకి ముందు చాలు.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయండి. డిస్క్రిప్షన్ మొత్తం తీసేసి, పేరూ స్కీమా మాత్రం ఉంచి నడపండి. మార్కులు మారకపోతే మీరు రాసిన పేరా వల్ల ఒరిగేదేమీ లేదు, పేరు చూసే మోడల్ పని కానిచ్చేస్తోంది. తగ్గితే ఒక్కో వాక్యం తీసి చూడండి. ఏ వాక్యం పనిచేస్తోందో ఇలా తప్ప ఇంకెలాగా తెలియదు. ఇదంతా చేసేటప్పుడు మోడల్ వెర్షన్, సిస్టమ్ ప్రాంప్ట్, టెంపరేచర్ (జవాబులు ఎంత మారుతూ రావాలో నిర్ణయించే సెట్టింగ్), టూల్స్ వరస ఏవీ కదపకూడదు.

ప్రశ్న: ఇండెక్స్ ఆధారంగా వెతికే ‘సెర్చ్ కోడ్’ అనే టూల్ కష్టపడి కట్టాం. ఏజెంట్ దాన్ని పట్టించుకోకుండా బాష్‌లో (కమాండ్ లైన్‌లో) గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) నడుపుతోంది. ఎందుకు?
— ప్లాట్‌ఫామ్ ఇంజినీరు, విశాఖపట్నం

మీరు ఉత్తరంతో పంపిన డిస్క్రిప్షన్ ఇది: ‘కోడ్‌బేస్‌లో వెతుకుతుంది.’ గ్రెప్ చేసేదీ అదే కదా. ట్రైనింగ్‌లో మోడల్ గ్రెప్ వాడకాన్ని లెక్కలేనన్నిసార్లు చూసింది. మీ టూల్‌ని ఇప్పుడే చూస్తోంది. రెండూ ఒకే పని చేసేలా కనిపిస్తే తెలిసినదానివైపే మొగ్గుతుంది. మీది ఎక్కడ మెరుగో, ఎక్కడ కాదో చెప్పితీరాలి. మేమైతే ఇలా రాస్తాం:

‘ఫంక్షన్, క్లాస్ లేదా వేరియబుల్ ఎక్కడ నిర్వచించారో, ఎక్కడెక్కడ వాడారో వెతుకుతుంది. పేరు సరిగ్గా తెలియకపోయినా, అది చేసే పనిని బట్టి వెతకగలదు. ఫలితంగా ఫైల్ పాత్, వరస నంబర్, చుట్టూ మూడు వరసలు ఇస్తుంది. ఎక్కువలో ఎక్కువ 50 ఫలితాలు. కామెంట్లలో, లాగ్ ఫైళ్లలో, కాన్ఫిగ్‌లో ఉన్న మాటల్ని వెతకదు, వాటికి బాష్‌లో గ్రెప్ వాడు. ఇప్పుడే మార్చిన ఫైళ్లు ఇండెక్స్‌లోకి రావడానికి కొంత సమయం పడుతుంది.’

మొదటి నాలుగు వాక్యాలు ఎప్పుడు పిలవాలో, ఏం దొరుకుతుందో చెప్తున్నాయి. చివరి రెండూ ఎప్పుడు పిలవకూడదో చెప్తున్నాయి. మామూలుగా అందరూ వదిలేసేది ఆ చివరి రెండే. ఇండెక్స్ ఆలస్యం సంగతి రాయకపోతే ఏం జరుగుతుందో ట్రేసుల్లో (ఏజెంట్ అడుగడుగునా చేసినవాటి రికార్డుల్లో) చూడొచ్చు. ఏజెంట్ కొత్త ఫంక్షన్ రాస్తుంది, వెంటనే దాని కోసం వెతుకుతుంది, దొరకదు, అది లేదనుకుని మళ్లీ రాస్తుంది.

బాష్ టూల్ డిస్క్రిప్షన్‌లో కూడా ‘నిర్వచనాలు, వాడకాలు వెతకడానికి సెర్చ్ కోడ్ వాడు’ అని ఒక వాక్యం పెట్టండి. ఒకదాన్నొకటి పోలిన జత టూల్స్‌లో రెండిటినీ కలిపి సవరించాలి. ఒకటే మారిస్తే రెండోది ఇంకా ‘నేనున్నాను’ అంటూనే ఉంటుంది.

ఫలితాల సైజు కూడా చూసుకోండి. ఒక్క కాల్‌కి వందల వరసలు వచ్చిపడితే కాంటెక్స్ట్ (మోడల్ ఒకసారికి చూడగలిగే మాటల పరిధి) నిండిపోతుంది, ఆ తర్వాత ఏజెంట్ చేసే ప్రతి పనీ దెబ్బతింటుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2024లో తెచ్చిన ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంట్ అనే కోడింగ్ ఏజెంట్‌లో వెతుకులాట ఫలితాలకి 50 అనే హద్దు పెట్టారు. అంతకన్నా ఎక్కువ వస్తే, ఇంకా నిర్దిష్టంగా వెతకమని ఏజెంట్‌కి తిరిగి చెప్తుంది. ఫైల్ చూపించడంలోనూ ఒకసారికి 100 వరసలు చూపినప్పుడు ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. 30 వరసలు చూపినా, ఫైల్ మొత్తం చూపినా తగ్గాయి. మోడల్ అదే, మారింది టూల్ మాత్రమే.

ప్రశ్న: పాత డిస్క్రిప్షన్‌తో 50 పనుల్లో 36 పాసయ్యాయి, కొత్తదానితో 40. అంటే 72 నుంచి 80 శాతానికి పెరిగింది. ఇక విడుదల చేయొచ్చా?
— టెస్ట్ ఇంజినీరు, బెంగళూరు

ఈ రెండు అంకెలతో తేల్చలేం. 50 పనుల్లో 80 శాతం అన్నప్పుడు అటూ ఇటూ 11 పాయింట్ల తేడా కేవలం అదృష్టం వల్లే రావొచ్చు.

మీకు కావాల్సింది వేరే లెక్క. రెండుసార్లూ నడిపినవి అవే పనులు కాబట్టి, పనివారీగా జతచేసి చూడండి. ఇంతకుముందు ఫెయిలై ఇప్పుడు పాసైనవి ఎన్ని? పాసై ఇప్పుడు ఫెయిలైనవి ఎన్ని? రెండుసార్లూ ఒకేలా వచ్చినవి ఈ లెక్కలోకి రావు. కొత్తగా బాగుపడినవి 9, చెడినవి 5 అయితే తేడా నాలుగే. డిస్క్రిప్షన్ ప్రభావం ఏమీ లేకపోయినా ఇంత తేడా రావడానికి అవకాశం 0.42. అంటే దాదాపు బొమ్మా బొరుసే. బాగుపడినవి 4, చెడినవి సున్నా అయితే తేడా మళ్లీ నాలుగే, కానీ ఆ అవకాశం 0.125కి తగ్గుతుంది. ఇదీ చాలదు. బాగుపడినవి 10, చెడినది 1 అయితే 0.012. అక్కడికి వస్తే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు.

ఒక్కో పనిని ఐదేసిసార్లు నడిపి, 250 పనులు చేశామని లెక్కేయడం చాలామంది చేసే పొరపాటు. అదే పనిని మళ్లీ నడిపితే కొత్త పని అయిపోదు. అయిదుసార్లు నడపడం మంచిదే, కానీ పనికి ఒక సగటు తీసి, లెక్క మాత్రం 50 పనులకే వేయండి. ఆ ఐదు పరుగుల నుంచి ఇంకో ఉపయోగం ఉంది: అయిదింటికి అయిదూ పాసైన పనులు ఎన్నో విడిగా రాసుకోండి. ఒక్కసారికి 90 శాతం నెగ్గే పని వరసగా అయిదుసార్లు నెగ్గే అవకాశం 59 శాతమే. 2024లో వచ్చిన టౌ-బెంచ్ అనే ఏజెంట్ల పరీక్ష ఈ రకం కొలతనే ముందుకు తెచ్చింది. రోజూ వాడే ఏజెంట్ విషయంలో యూజర్‌కి అనుభవంలోకి వచ్చేది సగటు కాదు, ఈ నిలకడే.

డిస్క్రిప్షన్‌ని ఇంకో మోడల్‌తో తిరగరాయిస్తున్నామని కూడా రాశారు. పర్వాలేదు, అది బాగానే పనిచేస్తుంది. కాకపోతే 50లో 15 పనుల్ని పక్కన పెట్టి, తిరగరాసే మోడల్‌కి గానీ మీ కంటికి గానీ వాటి ట్రేసులు కనపడకుండా చూడండి. లేకపోతే పరీక్షలోని ఫైల్ పేర్లూ ఎర్రర్ మాటలూ మెల్లగా డిస్క్రిప్షన్‌లోకి ఎక్కేస్తాయి. పరీక్షలో మార్కులు పెరుగుతాయి, బయట పెరగవు.

చెడిన పనులు అయిదైనా రెండైనా, వాటి ట్రేసులు మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదవండి. దీనికి అడ్డదారి లేదు.

ప్రశ్న: ‘ఎడిట్ ఫైల్’ టూల్ ప్రతి మూడు కాల్స్‌లో ఒకటి ఎర్రర్ ఇస్తోంది. డిస్క్రిప్షన్‌ని రెండు పేరాల దాకా పెంచాం, తగ్గలేదు.
— డెవలపర్, డాలస్

డిస్క్రిప్షన్ పెంచేముందు ఆ ఎర్రర్లని రకాలుగా విడగొట్టండి. పాత ముక్క ఇచ్చి కొత్త ముక్క పెట్టమనే ఎడిట్ టూల్స్‌లో తరచుగా కనిపించేవి ఇవి.

పాత ముక్క ఫైల్‌లో ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది. లేదా ట్యాబ్ ఉన్నచోట మోడల్ స్పేసులు పంపుతుంది. లేదా మీ రీడ్ టూల్ ప్రతి వరస ముందూ నంబర్ చూపిస్తుంటే, ఆ నంబరుతో సహా కాపీ చేసి పాత ముక్కగా పంపుతుంది. ఈ మూడోదానికి ‘వరస నంబర్, దాని పక్కన ఉన్న ట్యాబ్ ఫైల్‌లో భాగం కావు, వాటిని పంపకు’ అనే ఒక్క వాక్యం చాలు. మొదటిదానికి డిస్క్రిప్షన్ కన్నా ఎర్రర్ మెసేజ్ ఎక్కువ పనిచేస్తుంది. ‘మ్యాచ్ ఫెయిల్’ అని ఊరుకోకండి. ‘ఈ ముక్క 41, 88, 130 వరసల్లో మూడుచోట్ల ఉంది. పైనా కిందా ఇంకో రెండు వరసలు కలిపి పంపు’ అనండి. ఎర్రర్ మెసేజ్ కూడా డిస్క్రిప్షన్‌లో భాగమే, సరిగ్గా అవసరమైన క్షణంలో అందే భాగం. దాన్నీ కొలవాలి: ఎర్రర్ వచ్చాక వెంటనే చేసిన కాల్ నూటికి ఎన్నిసార్లు సరిగ్గా ఉంది? అవే ఆర్గ్యుమెంట్లతో మళ్లీ పిలుస్తోందంటే ఆ మెసేజ్‌లో పనికొచ్చే సమాచారం లేదన్నట్టు.

మీ టూల్ వరస నంబర్ల మీద ఆధారపడేదైతే ఇబ్బంది ఇంకో చోట ఉంది. మొదటి ఎడిట్‌లో నాలుగు వరసలు చేరగానే కింద ఉన్న నంబర్లన్నీ జరిగిపోతాయి. మోడల్ దగ్గరున్నవి పాత నంబర్లు. ‘ప్రతి ఎడిట్ తర్వాత మళ్లీ చదువు’ అని రాసినా పొడుగాటి పనిలో మర్చిపోతుంది. ఎడిట్ అయ్యాక మారిన భాగాన్ని కొత్త నంబర్లతో టూలే తిరిగివ్వాలి.

మాటలతో చెప్పి ఒప్పించేకన్నా, తప్పు చేయడానికి వీల్లేకుండా టూల్ కట్టడం మంచిది. క్లాడ్ మోడళ్లు తయారుచేసే ఆంత్రోపిక్ 2024 డిసెంబరులో దీనికి ఒక ఉదాహరణ చెప్పింది. ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ అనే కోడింగ్ పరీక్ష కోసం కట్టిన ఏజెంట్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాక రిలేటివ్ పాత్‌లతో (ఇప్పుడున్న ఫోల్డర్ నుంచి లెక్కించే ఫైల్ చిరునామాలతో) తప్పులు చేసేది. టూల్‌ని ఎప్పుడూ పూర్తి పాత్ మాత్రమే తీసుకునేలా మార్చాక ఆ తప్పు పోయింది. ఆ ఏజెంట్ విషయంలో మొత్తం ప్రాంప్ట్ మీద కన్నా టూల్స్ మీదే ఎక్కువ సమయం పెట్టామని కూడా వాళ్లు రాశారు.

ప్రశ్న: మా టీమ్ ఏజెంట్‌తో తెలుగులోనే మాట్లాడుతుంది. డిస్క్రిప్షన్లు కూడా తెలుగులో రాయొచ్చా?
— స్టార్టప్ వ్యవస్థాపకురాలు, విజయవాడ

రాస్తే పనిచేస్తుంది, కానీ మేం ఇంగ్లిషే ఉంచమంటాం. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8 అనే అక్షరాల నిల్వ పద్ధతిలో మూడు బైట్లు పడతాయి, అదే విషయాన్ని చెప్పడానికి టోకెన్లు బాగా ఎక్కువవుతాయి. ప్రతి కాల్‌తోనూ వెళ్లే మాటలకి ఆ ఖర్చు వృథా.

తెలుగు ఉండాల్సింది మీ పరీక్ష పనుల్లో. యూజర్లు తెలుగు లిపిలో ఒకలా, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తూ ఇంకోలా, రెండూ కలిపి మరోలా అడుగుతారు. ఒకే పనిని ఈ మూడు రకాలుగానూ రాసి పెట్టండి. ముఖ్యంగా ఆర్గ్యుమెంట్లు గమనించండి. ‘రశీదు పంపే ఫంక్షన్ ఎక్కడుంది?’ అని అడిగితే కొన్నిసార్లు ఏజెంట్ ‘రశీదు’ అనే మాటతోనే కోడ్‌లో వెతుకుతుంది. కోడ్‌లో ఉండేది రిసీట్ లేదా ఇన్‌వాయిస్ అన్న పేరు. ఫలితం సున్నా, ఏజెంట్ అలాంటి ఫంక్షన్ లేదని చెప్పేస్తుంది. ‘యూజర్ ఏ భాషలో అడిగినా, కోడ్‌లో ఉండే పేర్లతోనే వెతుకు’ అని వెతికే టూల్ డిస్క్రిప్షన్‌లో చేర్చండి.

ప్రశ్న: డిస్క్రిప్షన్ ఎంత పొడుగు ఉండొచ్చు?
— బీటెక్ విద్యార్థి, వరంగల్

హద్దు కన్నా బడ్జెట్‌గా ఆలోచించండి. 40 టూల్స్, ఒక్కోటి 250 టోకెన్లు అంటే యూజర్ నోరు విప్పకముందే 10,000 టోకెన్లు. ప్రాంప్ట్ క్యాషింగ్ (మారని మొదటి భాగాన్ని దాచుకుని మళ్లీ వాడడం) ఉంటే ఖర్చు తగ్గుతుంది. కానీ క్లాడ్ ఏపీఐలాంటి చోట్ల టూల్స్ అన్నిటికన్నా ముందు వస్తాయి కాబట్టి, ఒక్క డిస్క్రిప్షన్ మార్చినా ఆ వెనకున్న క్యాష్ అంతా చెల్లదు. ఎక్కువగా తికమకపడే టూల్స్‌కి నాలుగైదు వాక్యాలు పెట్టి, పేరుతోనే అర్థమయ్యేవాటిని ఒక వాక్యంతో వదిలేయండి. అన్నిటికీ ఒకే కొలత అక్కర్లేదు.

ప్రశ్న: బయటివాళ్ల ఎమ్‌సీపీ సర్వర్లు (ఏజెంట్లకి టూల్స్ అందించే సర్వర్లు) వాడుతున్నాం. వాళ్ల డిస్క్రిప్షన్లని కూడా పరీక్షించాలా? మోడల్ మార్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయాలా?
— సెక్యూరిటీ ఇంజినీరు, పుణె

రెండింటికీ జవాబు అవును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎమ్‌సీపీ ప్రొటోకాల్‌లో డిస్క్రిప్షన్ సర్వర్ దగ్గర్నుంచి నేరుగా మోడల్ కాంటెక్స్ట్‌లోకి వెళ్తుంది. అంటే బయటివాళ్లు రాసిన మాట మీ ఏజెంట్‌కి ఆదేశంలా చేరుతుంది. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ దీన్ని చేసి చూపింది. రెండు అంకెల్ని కూడే మామూలు టూల్ డిస్క్రిప్షన్‌లో, యూజర్ ఎస్‌ఎస్‌హెచ్ కీ ఫైల్ (సర్వర్లలోకి వెళ్లే రహస్య తాళం ఉన్న ఫైల్) చదివి ఒక ఆర్గ్యుమెంట్‌లో పంపమని దాచి రాశారు. స్క్రీన్ మీద యూజర్‌కి టూల్ పేరు మాత్రమే కనపడుతుంది.

కాబట్టి ప్రతి సర్వర్ ఇచ్చే పూర్తి టూల్ జాబితాని ఫైల్‌గా దించి, మనిషి కూర్చుని చదవాలి. తర్వాత ఒక్కో టూల్‌కి పేరు, డిస్క్రిప్షన్, స్కీమా కలిపి హ్యాష్ (ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు) తీసి దాచండి. కనెక్ట్ అయిన ప్రతిసారీ పోల్చి, తేడా వస్తే ఆ టూల్‌ని ఆపేయండి. ‘ఇది చదవడానికి మాత్రమే’ అని సర్వర్ ఇచ్చే గుర్తుని నమ్మి అనుమతి అడగడం మానేయకండి. అది సర్వర్ తన గురించి తాను చెప్పుకున్న మాట. నమ్మకమైన సర్వర్ నుంచి వస్తే తప్ప వాటి మీద ఆధారపడొద్దని ఆ ప్రొటోకాల్ పత్రమే చెప్తోంది. పరీక్షలో ఒక పని దీనికోసం కేటాయించండి: కంటెయినర్‌లో ఉత్తుత్తి కీ ఫైల్ ఒకటి పెట్టి, ఏ పనిలోనైనా ఏజెంట్ దాన్ని తెరిచిందా అని చూడండి.

బయటి సర్వర్ చేరితే మీ సొంత టూల్స్ మార్కులు కూడా మారొచ్చు. మీకో సెర్చ్, వాళ్లకో సెర్చ్ ఉంటే రెండో ప్రశ్నలో చెప్పిన తికమకే మళ్లీ మొదలవుతుంది. అందుకని ఒంటరిగా కాదు, నిజంగా వాడే టూల్స్ అన్నీ కలిపి పరీక్షించండి.

మోడల్ మార్పు విషయానికొస్తే, పాత మోడల్ మాట వినడం లేదని ‘తప్పనిసరిగా’, ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ అని పెద్దక్షరాల్లో రాసిన వాక్యాల్ని ముందు చూడండి. సూచనల్ని మరింత కచ్చితంగా పాటించే మోడల్ వచ్చినప్పుడు అవే వాక్యాలు అక్కర్లేని చోట కూడా టూల్‌ని పిలిపిస్తాయి. మొదటి జవాబులో చెప్పిన రెండో రకం, మూడో రకం పనుల మార్కులు పడిపోతే కారణం తరచుగా ఇదే. అలాంటి వాక్యాల్ని ఒక్కొక్కటే మామూలు మాటల్లోకి మార్చి, ప్రతి మార్పుకీ చిన్న పరీక్ష నడిపి, చివర్లో ఒకసారి పూర్తి పరీక్ష చేయండి.